పద్నాలుగు డిమాండ్ల కాగితం

ప్రశ్న: మాది హనుమకొండలో ఒక పాత బజారు. 140 దాకా దుకాణాలుంటాయి. మా వర్తక సంఘంలో 90 మందిమి సభ్యులం. రెండేళ్లుగా నేను కార్యదర్శిని. మూడు నెలల కింద ట్రాఫిక్ పోలీసులు రోడ్డుకు రెండు వైపులా నో పార్కింగ్ బోర్డులు పెట్టారు. గిరాకీ బండి ఆపి లోపలికొచ్చి, సామాను తీసుకుని బయటికి పోయేలోపు ఫొటో తీసి చలాన్ వేస్తున్నారు. దానికి తోడు తోపుడు బండ్లు, సగంలో ఆగిన డ్రైనేజీ పని. ఎమ్మెల్యేకు, ఎంపీకి, కలెక్టర్‌కు, బల్దియా (నగర పాలక సంస్థ) కమిషనర్‌కు అందరికీ వినతి పత్రాలిచ్చాం. శాలువాలు కప్పాం. పేపర్లో ఫొటోలు కూడా వచ్చాయి. పని మాత్రం కాలేదు. సంఘంలో పడుచు పిల్లలు బంద్ పెడదామంటున్నారు. పెద్దవాళ్లు ఇంకోసారి ఎమ్మెల్యే దగ్గరికి పోదామంటున్నారు. ఒకాయనైతే షాపుకు రెండు వేలు వేసుకుంటే ఆఫీసులో ‘చూసుకునేవాళ్లు’ ఉన్నారంటున్నాడు. మాలాంటి చిన్న సంఘం మాట సర్కారు వినాలంటే ఏం చేయాలి?
– ఒక వర్తక సంఘం కార్యదర్శి, హనుమకొండ

జవాబు:

కార్యదర్శి గారూ,

ఉత్తరంతో పాటు మీరు పంపిన వినతి పత్రం జిరాక్స్ రెండుసార్లు చదివాను. మొత్తం 14 డిమాండ్లు. పార్కింగ్ మూడోది, డ్రైనేజీ ఐదోది. తొమ్మిదోది మామునూరు విమానాశ్రయం తొందరగా పూర్తి చేయాలని. పన్నెండోది జీఎస్టీ తగ్గించాలని. పద్నాలుగోది కాజీపేట రైల్వే ఫ్యాక్టరీలో స్థానికులకే ఉద్యోగాలివ్వాలని. అన్నీ న్యాయమైనవే. కానీ ఒకే కాగితం మీద ఇవన్నీ రాసి, అదే కాగితాన్ని అందరికీ ఇచ్చారు చూడండి, అక్కడే పని ఆగిపోయింది.

అలాంటి కాగితం ఆఫీసులో ఎలా నడుస్తుందో మీకు తెలియనిది కాదు. ఇన్‌వర్డ్‌లో ముద్ర పడుతుంది. సారు మూలకు ఏదో గీకుతారు. సెక్షన్ క్లర్కు టేబుల్ మీదికి వస్తుంది. అతనికి సంబంధించినవి 14లో ఒకటో రెండో. మిగతా పన్నెండూ చూపించి ‘తగు చర్య నిమిత్తం సంబంధిత శాఖలకు పంపడమైనది’ అని రాసి చేతులు దులుపుకుంటాడు. అతని మీద కోపం ఎందుకు? ఆ దారి మనమే చూపించాం.

ముందు ఏ పని ఎవరి చేతిలో ఉందో విడదీయండి. పార్కింగ్ ఒక్క పోలీసుల సంగతి కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లో 117వ సెక్షన్ ప్రకారం బండ్లు ఎక్కడ నిలపవచ్చో నిర్ణయించేటప్పుడు స్థానిక సంస్థను సంప్రదించాలి. అంటే అందులో బల్దియాకూ మాట ఉంది. డ్రైనేజీ బల్దియా ఇంజనీరింగ్ వాళ్లది. జీఎస్టీ ఢిల్లీలో కూర్చునే కౌన్సిల్‌ది, అందులో మన రాష్ట్రం తరఫున మంత్రి కూర్చుంటారు. విమానాశ్రయం గురించి మీ కమిషనర్‌ను అడిగితే ఆయన నవ్వి టీ తెప్పిస్తారు, అంతే. అసలు మీ రోడ్డు ఎవరిదో తెలుసా? హైదరాబాద్ నుంచి భూపాలపట్నం పోయే 163వ జాతీయ రహదారి మన ఊరి మీదుగానే ఉంది. ఒక చౌరస్తా అటు అయితే ఒక ఆఫీసు, ఇటు అయితే ఇంకో ఆఫీసు. బల్దియా రోడ్డా, ఆర్ అండ్ బీ రోడ్డా అన్నది మీ డివిజన్ అసిస్టెంట్ ఇంజనీర్‌ను అడిగితే పది నిమిషాల్లో తేలుతుంది. ఈ ఒక్క మాట తెలియక ఏడాది పాటు తప్పు గుమ్మం ముందు నిలబడిన సంఘాలను చూశాను.

నేను కూడా వరంగల్‌లో పదహారేళ్లు పెయింట్ల దుకాణం నడిపినవాణ్నే. మా సంఘానికి సహాయ కార్యదర్శిగా చేశాను. మాకూ సరిగ్గా మీ గొడవే వచ్చింది. మూడోసారి పోయినప్పుడు అక్కడి ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ విసిగిపోయి ఒక మాటన్నాడు: “సేటూ, ఆ రోడ్డు మీద నిలిచే బండ్లల్ల మీ గిరాకీలయి ఎన్నో చెప్పు. నేను రేపే బోర్డు తీపిస్త.” మా దగ్గర జవాబు లేదు. ‘చాలా ఉంటాయి సార్’ అని వచ్చేశాం.

మా పక్క బట్టల దుకాణం ఆయన కొడుకు అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. వాడికి 200 పేజీల నోట్‌బుక్కు, ఒక పెన్ను ఇచ్చాం. మూడు రోజులు, పొద్దున 10 నుంచి రాత్రి 8 దాకా గంటకోసారి బజారు ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి. కరెంటు స్తంభానికీ స్తంభానికీ మధ్య నిలిచిన ప్రతి బండి నంబరులో చివరి నాలుగు అంకెలు రాయాలి. మామూలు సోమవారం ఒకటి, లగ్గాల సీజన్లో రెండు రోజులు తీసుకున్నాం. మూడో రోజు రాత్రి షట్టర్ సగం దించి, మా దుకాణంలో కౌంటర్ మీద నోట్‌బుక్కు పరిచి, పొద్దున పదింటి పేజీలో ఉన్న నంబరు రాత్రి ఎనిమిదింటి పేజీలో కూడా ఉంటే పెన్సిల్‌తో సున్నా చుట్టుకుంటూ పోయాం. పేజీ నిండా సున్నాలే. గిరాకీలు పది గంటలు నిలబడరు కదా. సగానికి పైగా బండ్లు మావీ, మా గుమస్తాలవీ. రెండో స్తంభం దగ్గర నాలుగో నంబరు నా సొంత స్కూటర్‌ది.

ఆ రాత్రి లొల్లి చిన్నది కాదు. “నా మడిగె ముందు నా బండి పెట్టుకోవద్దా?” అని ఒకాయన లేచి వెళ్లిపోయాడు. వారం తర్వాత వెనక గల్లీలో ఖాళీ జాగా ఒకటి మాట్లాడుకున్నాం, నెలకింత అని అందరం వేసుకున్నాం. బండ్లు అక్కడికి మారాయి, ఇద్దరు మొండివాళ్లవి తప్ప. అప్పుడు పోయాం ఇన్‌స్పెక్టర్ దగ్గరికి, నోట్‌బుక్కు పట్టుకుని. ఆయన చాలాసేపు పేజీలు తిప్పాడు. తర్వాత కూర్చోమన్నాడు. అంతకుముందు మూడుసార్లూ నిలబెట్టే మాట్లాడాడు లెండి. ఒకవైపు టూవీలర్లకు నెల రోజులు చూద్దామన్నాడు. మధ్యాహ్నం లారీ దించుకోవడానికి కూడా అనుమతి అడిగాం, దానికి మాత్రం ససేమిరా అన్నాడు. పొద్దున 9లోపే దించుకోమన్నాడు. ఏడాది పాటు పెయింటు లారీ డ్రైవర్ల చేత తిట్లు తిన్నాను. అడిగినవన్నీ రావు.

అందుకే ఈ వారమే మీరూ నోట్‌బుక్కు మొదలుపెట్టండి. సర్వే కంపెనీలు అవసరం లేదు. గిరాకీ తగ్గిందన్న సంగతికి కూడా ఇదే పద్ధతి. ‘వ్యాపారం సగం పడిపోయింది’ అన్న మాట ఆఫీసర్లు ప్రతి బజారు నుంచీ వింటారు, ఇక చెవికెక్కదు. లెక్కలు చూపించమంటే సభ్యులు రూపాయలు చెప్పరు, అది మనకూ తెలుసు. రూపాయలు వద్దు, రోజుకు ఎన్ని బిల్లులు కొట్టారో చాలు. బోర్డులకు ముందు రెండు నెలలు, తర్వాత రెండు నెలలు. పది దుకాణాల నుంచి పేర్లు లేకుండా తీసుకోండి. తగ్గకపోతే తగ్గలేదని ఒప్పుకుని ఆ పాయింటు వదిలేయండి. లేని నష్టం చూపించి ఒకసారి దొరికిపోతే తర్వాత నిజం చెప్పినా నమ్మరు.

ఇంకో ప్రశ్నకు కూడా సిద్ధంగా ఉండండి. 140 దుకాణాల్లో 90 మంది మీతో ఉన్నారు, మిగతా 50 సంగతేంటని అడుగుతారు. మెడికల్ షాపులు, టైలర్లు, మెస్ నడిపే ఆడవాళ్లు సభ్యత్వం కట్టి ఉండరు. సభ్యులు కాకపోయినా దుకాణం నంబరు, సంతకం తీసుకోండి. సంతకం పెట్టనివాళ్లు ఎందుకు పెట్టలేదో కూడా రాసుకోండి, అందులో మీకు తెలియని సంగతి ఏదో ఒకటి ఉంటుంది.

తోపుడు బండ్ల దగ్గర మాత్రం మీతో నాకు పేచీ ఉంది. మీ కాగితంలో నాలుగో డిమాండు ‘తోపుడు బండ్లను వెంటనే తొలగించాలి’ అని. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి, వాళ్లకు సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. అంటే చట్టం వద్దన్న పనిని చేయమని మీరు కమిషనర్‌ను లిఖితపూర్వకంగా అడిగారు. ఆయన ఏమీ అనకుండా ఊరుకున్నారంటే మర్యాదకే. అదే చట్టంలో పట్టణ వెండింగ్ కమిటీ అని ఒకటుంది. కమిషనరే దానికి చైర్మన్. కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లను వాళ్లే ఎన్నుకోవాలి. మిగతా సీట్లలో మార్కెట్ సంఘాలకు, వర్తక సంఘాలకు కూడా చోటు ఉంది. ‘బండ్లు ఎత్తేయండి’ అనే బదులు ‘ఆ కమిటీలో మా సంఘానికి చోటివ్వండి, మా బజారులో బండ్లు ఎక్కడ నిలవాలో అక్కడ మాట్లాడుకుందాం’ అని అడగండి. పనిలో పనిగా ఒక చెడ్డ మాట కూడా అడుగుతాను, ఏమనుకోకండి. మీ సభ్యుల్లోనే ఎవరైనా తమ మడిగె ముందు జాగాకు బండివాళ్ల దగ్గర రోజూ డబ్బులు తీసుకుంటున్నారా? చాలా బజార్లలో ఉన్న సంగతే. అదే ఉంటే మీ నాలుగో డిమాండు మీ సంఘం మీటింగులోనే చీలిపోతుంది, బల్దియా దాకా కూడా రాదు. పండ్ల బండి కోసం ఆగిన మనిషే పక్క దుకాణంలోకి తొంగి చూస్తాడన్నది వేరే లెక్క.

ఇక సమయం. డ్రైనేజీ పనికి డబ్బులు కావాలి. బల్దియా బడ్జెట్ మార్చిలోపు తయారవుతుంది. జూన్‌లో వాన పడి మోరీ పొంగాక ధర్నా చేస్తే ఫొటో వస్తుంది, ఎస్టిమేట్ రాదు. 2023 జూలై వరదల్లో ఓరుగల్లు ఎలా మునిగిందో అందరం చూశాం. ఆ తర్వాత నాలాల మాట ఎవరు ఎత్తినా వినే వాతావరణం ఉంది, దాన్ని వాడుకోండి. కానీ నవంబర్, డిసెంబర్‌లోనే ఇంజనీర్‌ను వెంట తీసుకుని మీ బజారులో నడిపించాలి. ఎన్ని మీటర్లు మిగిలింది, ఎక్కడ ఆగింది, కాంట్రాక్టర్ ఎందుకు వదిలేశాడు అని అక్కడే నిలబడి అడగాలి. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు మాత్రం ఎవరి దగ్గరికీ పోకండి, పాపం వాళ్లు ఏమీ చేయలేరు.

అన్నిటికన్నా మనవాళ్లు పోగొట్టుకునేది అభ్యంతరాల గడువు. మాస్టర్ ప్లాన్ అయినా, మరొకటైనా ముసాయిదా దశలో ప్రజల నుంచి అభ్యంతరాలు, సూచనలు పిలుస్తారు. కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్ 2041 అంత పెద్దది కూడా ఆ దశ దాటే వచ్చింది. ఆ నోటీసు పేపర్లో ఏ మూలనో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. మీ సంఘంలో కళ్లజోడు పెట్టుకుని పేపరు చివరి దాకా చదివే పెద్దాయన ఒకరు తప్పకుండా ఉంటారు. ఆ పని ఆయనకు అప్పగించండి. ముసాయిదా మీద ఇచ్చిన ఒక పేజీ అభ్యంతరానికి ఉన్న విలువ జీవో వచ్చాక ఇచ్చిన వంద పేజీలకు ఉండదు.

ఇంకో దారి కూడా ఉంది, ఎవరూ పట్టించుకోరు. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం ప్రతి డివిజన్‌కు నాలుగు వార్డు కమిటీలు ఉండాలి. యువకులకు ఒకటి, మహిళలకు ఒకటి, పెద్ద వయసువాళ్లకు ఒకటి, ప్రముఖులకు ఒకటి. ఒక్కోదాంట్లో 15 మంది. మొత్తం 60 మందిలో మీ బజారు నుంచి ఎంతమంది ఉన్నారో ఒకసారి కనుక్కోండి.

నో పార్కింగ్ నిర్ణయం ఎలా తీసుకున్నారో తెలియాలంటే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. రుసుము పది రూపాయలు, జవాబుకు 30 రోజులు. అయితే 25 ప్రశ్నలు రాసి ఆఫీసును బెదిరించకండి. రెండే అడగండి: ‘ఫలానా రోడ్డులో నో పార్కింగ్ విధించిన ఉత్తర్వు నకలు ఇవ్వగలరు. ఆ విషయమై బల్దియాతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాల నకళ్లు ఇవ్వగలరు.’ ఉత్తర్వు ఉంటే అందులోని కారణం మీకు తెలుస్తుంది, మీ లెక్కతో దానికి జవాబు చెప్పవచ్చు. ఉత్తర్వే లేకపోతే, ఆ సంగతి పేపరుకెక్కించకండి. ముందు ఆ అధికారికే చూపించండి. తప్పు సరిదిద్దుకునే వీలు ఇచ్చినవాణ్ని ఎవరైనా గుర్తు పెట్టుకుంటారు.

బంద్ గురించి అడిగారు. బంద్ పనికిరాదని నేను అనను. 2021 నవంబర్‌లో కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. 2022 జనవరి 1 నుంచి బట్టల మీద, వెయ్యి రూపాయల లోపు చెప్పుల మీద జీఎస్టీ 5 నుంచి 12 శాతం అవుతుందని. దేశంలో చాలాచోట్ల బట్టల వ్యాపారులు దుకాణాలు మూశారు. మన రాష్ట్రంతో సహా కొన్ని రాష్ట్రాలు వద్దన్నాయి. డిసెంబర్ 31న, అమలుకు ఒక్క రోజు ముందు, జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని బట్టల మీద పెంపును వాయిదా వేసింది. చెప్పుల మీద మాత్రం ఆపలేదు, మర్నాటి నుంచే 12 శాతం అయింది. అది మళ్లీ 5కు దిగడానికి 2025 సెప్టెంబర్ 22 దాకా ఆగాల్సి వచ్చింది. బట్టల వాళ్ల బంద్‌కు ఒక తారీఖు ఉంది, ఒకే అంకె ఉంది, ఆ తారీఖులోపు కూర్చునే మీటింగు ఉంది. మీ బంద్‌కు ఏ తారీఖు ఉంది? బుధవారం 140 షట్టర్లు దించితే గురువారం ఏ ఫైలు కదలాలి? ఇది చెప్పగలిగిన రోజు బంద్ పెట్టండి. ఇప్పుడు పెడితే ఆ రోజు గిరాకీ ఫోన్లో ఆర్డర్ పెట్టుకుంటుంది, అంతే.

ఎమ్మెల్యే దగ్గరికి పోవచ్చు. కానీ ‘న్యాయం చేయండి సార్’ అని కాదు. ‘పోలీసులనూ బల్దియానూ ఒకే రోజు మా బజారుకు రమ్మని మీరు చెప్పాలి’ అని ఒక్క పని అడగండి. కార్పొరేటర్ ఏ పార్టీ అయినా సరే అదే కాగితం ఆయనకూ ఇవ్వండి. సభ్యులు ఇంట్లో ఏ కండువా కప్పుకున్నా సంఘం లెటర్‌హెడ్ మీద ఎవరి ఫొటో వద్దు. సర్కారు మారిన మర్నాడు ఆ లెటర్‌హెడ్ ఎవరికీ చూపించలేరు. కలెక్టర్ ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి నంబరు తీసుకోవడం మంచిదే. కానీ సోమవారం ఆ క్యూలో పింఛను కోసం వచ్చిన ముసలమ్మ వెనక నిలబడి రెండు నిమిషాల్లో పార్కింగ్ సంగతి చెప్పలేరు. వేరే రోజు టైమ్ అడగండి, ముగ్గురికి మించి పోకండి, శాలువా తీసుకుపోకండి.

షాపుకు రెండు వేలన్న పెద్దమనిషికి ఒక మాట చెప్పండి. 2018లో అవినీతి నిరోధక చట్టం మార్చాక లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినా ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేస్తేనే బయటపడతారు. అడిగేవాళ్లు ఉంటే ఏసీబీ నంబరు 1064. పైగా ఆ డబ్బుకు రసీదు ఉండదు, ఆఫీసరు బదిలీ అయితే కొత్తాయన దగ్గర మళ్లీ మొదటి నుంచి.

ఇక మీరు తీసుకుపోవాల్సిన కాగితం ఒక పేజీ దాటొద్దు. నేనైతే ఇలా రాస్తాను:

‘విషయం: ఫలానా బజారులో ఎడమ వైపు ద్విచక్ర వాహనాలకు అరగంట పార్కింగ్, నెల రోజుల పాటు ప్రయోగంగా అనుమతించడం గురించి. అయ్యా, మేము మూడు రోజులు గంటగంటకూ బండ్లు లెక్కపెట్టాము. పట్టిక జత చేశాము. దుకాణదారులవి, గుమస్తాలవి ఇన్ని బండ్లని తేలింది. వాటిని ఫలానా తేదీ నుంచి వెనక ఉన్న ఖాళీ స్థలానికి మార్చాము. ఎడమ వైపు గీతలు గీయడానికి రంగు ఖర్చు మాది. రద్దీ వేళల్లో చూసుకోవడానికి ఇద్దరు మనుషులను పెడతాము. నెల తర్వాత ట్రాఫిక్ ఇబ్బంది అయిందని మీరు అనుకుంటే బోర్డులు తిరిగి పెట్టండి. మేము అభ్యంతరం చెప్పము.’

చివరి వాక్యం తీసేద్దామని మీ మీటింగులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. తీయకండి. అది ఉంటేనే అవతలి మనిషి సంతకం పెట్టడానికి భయపడడు. మీటింగ్ అయిన రోజు సాయంత్రమే ‘ఈ రోజు మీరు చెప్పిన ప్రకారం’ అంటూ నాలుగు లైన్ల ఉత్తరం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అన్నట్టు, మీ సంఘం సొసైటీగా రిజిస్టర్ అయి ఉంటే, ఏటా కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు ఇస్తున్నారా? అవతలివాళ్లకు మిమ్మల్ని పక్కన పెట్టాలనిపిస్తే మొదట వెతికేది అదే.

నోట్‌బుక్కు మూడు రోజులు నిండాక ఆ పేజీల ఫొటోలు నాకు పంపండి, పట్టిక ఎలా వేయాలో చూద్దాం. మీ బండి నంబరు కూడా రాయండి, నేను ముందు దాన్నే వెతుకుతాను.